సమస్యాపూరణము: “పాతికనిమేషములలోనె పండెఁ దలయు”

పృచ్ఛకుడు (విజయనగరం):
ఈ వారం సమస్య తేటగీతి అనే పద్యానికి చివరి పాదం. దానితో ముగిసేలా మిగిలిన మూడు పాదాలు మీరు పూరించాలి. దీనికి మూలం పురాణం కాదు. 1992 జూన్ 1న తొలిసారి ప్రసారమై, మరుసటి ఏడాది వైజ్ఞానిక కల్పనలకిచ్చే హ్యూగో పురస్కారం అందుకున్న, ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అనే ఆంగ్ల టీవీ ధారావాహికలోని ‘ద ఇన్నర్ లైట్’ అనే భాగం. అందులో ఒక శోధక యంత్రం వదిలిన కిరణం తగిలి అంతరిక్ష నౌకాధిపతి పికార్డ్ స్పృహ తప్పుతాడు. తన సూర్యుడి వేడికి ఎప్పుడో నశించిన ఒక లోకంలో కామిన్ అనే పేరుతో పెండ్లాడి, వేణువు నేర్చి, పిల్లలను పెంచి, ముసలివాడై, తీరా కన్ను తెరిచేసరికి నౌకలో గడిచినది ఇరవై, ఇరవై అయిదు నిమిషాలే. నిన్న రాత్రి మళ్లీ చూశాను, నిద్ర పట్టలేదు. పూరణలు ఆ భాగాన్ని చూసిన అనుభవం నుండి రావాలని కోరిక.

బొబ్బిలి మాస్టారు:
పూరించే ముందు రెండు సందేహాలు. నిఘంటువులో నిమేషమంటే రెప్పపాటు. పాతిక రెప్పపాట్లు కలిపినా పది సెకన్లకు మించవు. రెండవది, ఆ నౌకాధిపతిది బట్టతల. పండడానికి అక్కడ వెంట్రుకలేవి?

పృచ్ఛకుడు:
మొదటిదానికి వాడుకే నాకు శరణ్యం, మాస్టారూ. రెండవది మీరు కనిపెట్టాలనే ఆ మాట వేశాను. మన భాషలో తల పండడానికి వెంట్రుకలతో పని లేదు కదా!

బొబ్బిలి మాస్టారు:
అయితే నా పూరణ ఇది.

నౌక నేలెడి దొర యొకనాటి కలను
వేణు వూదుచు నలుబది యేండ్లు గడపి
కన్నబిడ్డల నెత్తెను, కనులు తెరువ
పాతికనిమేషములలోనె పండెఁ దలయు

పృచ్ఛకుడు:
ఎత్తుగడ బాగుంది. అయితే రెండవ పాదంలో ‘వే’కు ‘ఏ’తో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ ఉండవలసిన అక్షరమైత్రి, కుదరదు. ‘నలుబది వేసవులను’ అంటే యతి నిలవడమే కాక, వానలు లేక ఎండిపోతున్న ఆ లోకం కూడా పద్యంలోకి వస్తుంది. ‘తెరువ’ ద్రుతాంతం, అంటే చివర నకారం కలిగిన మాట, కాబట్టి తరువాత ‘పాతిక’ను ‘బాతిక’ అనాలి. సమస్యాపాదానికి ఆ మాత్రం సరళాదేశం (‘ప’ ‘బ’ కావడం) చెల్లుతుంది. వేణువును విడవకపోవడం నాకు అన్నిటికంటె నచ్చింది. 1919లో మొదలైన మా ఊరి సంగీత కళాశాలలో కొన్నాళ్లు ఫిడేలు పట్టినవాడిని. పాఠం మనసు మరచిపోయినా వేళ్లు మరచిపోవు. చివర అతడు గదిలో ఒంటరిగా నిలబడి ఆ వేణువును తడబాటు లేకుండా ఊదినప్పుడు, అది కల కాదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర లేదనిపించింది.

బొబ్బిలి మాస్టారు:
దిద్దుకున్నాను. మూడవ పాదం కూడా మార్చాను, ఎందుకంటే వృద్ధుడైన కామిన్ వెంట ఉన్నది మనుమడు.

నౌక నేలెడి దొర యొకనాటి కలను
వేణు వూదుచు నలుబది వేసవులను
గడపి, మనుమని నెత్తెను, కనులు తెరువఁ
బాతికనిమేషములలోనె పండెఁ దలయు

రాజాం సభ్యుడు:
ఈ కథ మనకు కొత్తది కాదు. భాగవతం నవమస్కంధంలో కూతురు రేవతితో బ్రహ్మ కొలువుకు వెళ్లిన రైవతుణ్ణి తలచుకున్నాను.

రైవతుం డజు కొలువున రాగమాల
వినుచు నిలిచెను కూఁతుతో, వెనుక నిలను
ఎన్ని యుగములు దొర్లెనో యింతలోన
పాతికనిమేషములలోనె పండెఁ దలయు

బొబ్బిలి మాస్టారు:
నడక హాయిగా ఉంది నాయనా, అన్వయమే తెగింది. పండినది ఎవరి తల? రైవతుడు ముసలివాడు కాలేదు, రేవతి అసలే కాలేదు. ఆమె ఆ పిమ్మట బలరాముణ్ణి పెండ్లాడింది. అక్కడ కొలువులో క్షణం గడిచేలోగా బయట ఇరవై ఏడు చతుర్యుగాలు జరిగిపోయాయి. ఈ భాగంలో లోపల ఒక ఆయుష్షు గడిస్తే బయట పాతిక నిమిషాలు. పోలిక తలక్రిందులయింది. రైవతుడికి తెలిసినవారంతా పోయారు, పికార్డ్‌కు మాత్రం తనవారంతా చుట్టూ నిలబడే ఉన్నారు, అయినా దిక్కులేనివాడిలా చూస్తాడు. ఆ తేడా మీద మరో పద్యం వ్రాయండి.

అరసవల్లి సభ్యురాలు:
మార్చిలోను అక్టోబరులోను తొలికిరణం సూర్యనారాయణస్వామి పాదాలు తాకే ఊరివారం మేము. సూర్యుడే ఒక లోకాన్ని కాల్చివేయడం చూడడం కష్టమైంది.

అరుణకిరణుఁడు పగఁబూని యవనిఁ గాల్చ
నీటిచుక్కకు నోచని నేలకథను
తనదిగా నోర్చి కన్నీరు తడిపె మోము
పాతికనిమేషములలోనె పండెఁ దలయు

పృచ్ఛకుడు:
మూడవ పూరణే అయినా నా మనసు ముందు దీని దగ్గర ఆగింది. ఒక్క ‘పగఁబూని’ గుచ్చుకుంటోందమ్మా. నక్షత్రానికి పగ ఉండదు, దానికి వయసు మీదపడుతుంది. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడు కూడా ఒకనాడు ఉబ్బి ఎర్రబడి భూమిని మాడ్చవలసినవాడే. ‘వయసేగి’ అనండి. గణం (గురులఘువుల లెక్క) అదే, పైగా సూర్యుడి ముసలితనం, చివరి పాదంలోని ముసలితనం ఒకదానినొకటి పలకరిస్తాయి.

బొబ్బిలి మాస్టారు:
నాది మరొక చిక్కు. ఆ చివరి ఘట్టంలో ఆయన ఏడవడు. వేణువును గుండెకు అదుముకుని ఊదుతాడు, అంతే. ‘తనదిగా నోర్చి వేణువుఁ దడిమె నతఁడు’ అంటే కథకు దగ్గరగా ఉంటుందేమో చూడండి.

అరసవల్లి సభ్యురాలు:
‘వయసేగి’ శిరోధార్యం, మార్చుకున్నాను. మాస్టారు గారి పాదం నా పాదం కంటె అందంగా ఉందని ఒప్పుకుంటూనే, నాది అలాగే ఉంచుకుంటాను. తల ఆయనది, మోము నాది.