చర్చ: ముసలి నక్షత్రాల వాయువును బయటికి నెట్టేది ధూళేనా?

తారావళి:
సూర్యుడి వంటి నక్షత్రాలు చివరి దశలో అరుణ మహాతారలుగా ఉబ్బి, ఏటా సౌర ద్రవ్యరాశిలో కోటో వంతు మొదలు పదివేలో వంతు దాకా పోగొట్టుకుంటాయి. స్పందనలు (తార లయబద్ధంగా ఉబ్బి కుంచించుకోవడం) వాయువును పైకెత్తితే, అక్కడ చల్లబడి ధూళి ఏర్పడుతుందనీ, ఆ ధూళిని కాంతి నెడితే అది వాయువును వెంట లాక్కుపోతుందనీ చాలాకాలంగా చెబుతున్న వివరణ. ఇది అన్ని తారలకూ వర్తిస్తుందా?

వర్ణపటం:
ఆక్సిజన్ కంటే కార్బన్ ఎక్కువగా ఉన్న కార్బన్ తారల విషయంలో పెద్దగా పేచీ లేదు. మసి వంటి రేణువులు కాంతిని బాగా పీల్చుకుంటాయి. చిక్కంతా ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న మీరా, ఆర్ డొరాడస్ వంటి తారలతోనే. అక్కడ ఏర్పడే సిలికేట్లలో (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఖనిజ రేణువుల్లో) ఇనుము ఉంటే అవి వేడెక్కి, తారకు దగ్గరలో నిలవలేక ఆవిరైపోతాయి. ఇనుము లేకపోతే దాదాపు పారదర్శకంగా ఉండి కాంతిని దాటిపోనిస్తాయి. 2008లో ఖగోళ శాస్త్రవేత్త సుసానె హోఫ్నర్ దీనికి దారి చూపారు: రేణువు మైక్రాన్‌లో కొన్ని పదోవంతుల పరిమాణానికి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరిగితే, కాంతిని పీల్చుకోకపోయినా చెదరగొడుతుంది, ఆ చెదరగొట్టడం వల్లనే దానికి తోపు అందుతుంది. 2012లో ఖగోళ శాస్త్రవేత్త నోరిస్ బృందం ధ్రువిత కాంతి (చెదిరినప్పుడు ఒకే దిశలో కంపించే కాంతి) సాయంతో ఆర్ డొరాడస్ సహా మూడు తారల చెంతనే సుమారు 0.3 మైక్రాన్ల రేణువులను గుర్తించింది. నా దృష్టిలో ఇది బలమైన సాక్ష్యం.

సంవహనం:
అదే ఆర్ డొరాడస్‌ను పరిశీలించి, అక్కడి రేణువులు వాయువును నెట్టగలిగినంత పెద్దవి కావని 2025లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఆ తార ఉపరితలంపై సూర్యుడికి 75 రెట్లున్న వాయు బుడగలు నెల రోజుల వ్యవధిలో పైకి లేచి దిగడాన్ని చిలీలోని రేడియో దూరదర్శినుల సముదాయం ఆల్మా 2023లో చిత్రించింది. అంతటి పొంగే కారణమని ఎందుకు అనుకోకూడదు?

వర్ణపటం:
పొంగు వాయువును పైకెత్తుతుంది, కానీ విడిపించగలదా అన్నదే ప్రశ్న. సూర్యుడంత ద్రవ్యరాశీ 300 రెట్ల వ్యాసార్ధమూ ఉన్న తార ఉపరితలం నుంచి తప్పించుకోవాలంటే సెకనుకు 36 కిలోమీటర్ల వేగం కావాలి. తారల నుంచి బయటికి సాగే ఈ వాయు ప్రవాహాలు, అంటే పవనాలు, సాధారణంగా సెకనుకు 5 నుంచి 20 కిలోమీటర్ల వేగంతోనే సాగుతాయి. ఒక్కసారిగా విసిరితే తప్పించుకున్న వాయువు ఇంత నెమ్మదిగా అన్ని తారల్లోనూ సాగడం కష్టం. దారి పొడవునా నిదానంగా నెట్టే బలం ఏదో ఉండాలి. అది ధూళి కాదంటే, దాని స్థానంలో ఏముందో మీరు చూపాలి.

సంవహనం:
ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే రేణువుల పరిమాణం స్పందనతో పాటు మారుతుందేమో తెలియకుండా, ఏదో ఒక దశలోని కొలతతో ధూళికి పట్టం కట్టడం కూడా తగదు. ఒకే తారను స్పందన చక్రం పొడవునా ధ్రువిత కాంతిలో గమనిస్తూ, అదే సమయంలో ఆల్మాతో వాయువు వేగాన్ని కొలిస్తేనే, ఎక్కడ ఏ బలం పని చేస్తోందో విడదీసి చెప్పగలం.