వంట డెమో పార్టీలో అతిథులను నిలిపేది ఆటలా, వంటేనా?

గరిటె (చర్చ మొదలుపెట్టినవారు):

ఇళ్లలో వంట చేసి చూపించి గిన్నెలు, కత్తులు, పెనాలు అమ్మే పని నేను ఆరేళ్లుగా చేస్తున్నాను. మాకు పని నేర్పినవారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. పార్టీ మొదలైన పది నిమిషాల్లో ఏదో ఒక ఆట ఆడించకపోతే అతిథులు ఫోన్లు తీసి కూర్చుంటారని. ఆ మాట నమ్మి నాలుగేళ్లపాటు చీటీల ఆట ఆడించాను. ప్రశ్న అడిగిన ప్రతివారికీ ఒక చీటీ, తమ ఇంట్లో కూడా పార్టీ పెట్టిస్తామన్నవారికి మూడు చీటీలు, చివర్లో ఒక చీటీ తీసి ఆ పేరు గలవారికి చిన్న బహుమతి. గత రెండేళ్లుగా మాత్రం ఆ ఆటలన్నీ మానేసి వంట మీదే నడిపిస్తున్నాను. మొన్న పార్టీ పెట్టించిన ఒక ఇంటావిడ, అతిథులు వెళ్లిపోయాక, తన స్నేహితురాలి ఇంట్లో పార్టీ నవ్వులతో గడిచిందనీ నాది చప్పగా సాగిందనీ ముఖం మీదే చెప్పారు. ఆ మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉందని నాకే తెలుసు.

నేను ఆటలు ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. ఒకసారి చీటీల ఆట మంచి జోరులో ఉండగా పొయ్యి మీద ఖాళీ నాన్‌స్టిక్ పెనం ఉన్న సంగతే మరిచిపోయాను. ఆ పూత సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుందనీ, అందుకే ఆ పెనాన్ని ఏమీ వేయకుండా పెద్ద మంట మీద వదలకూడదనీ అంతకు పది నిమిషాల ముందు నేనే వాళ్లకు చెప్పాను. గదిలోకి ఘాటు వాసన వచ్చేదాకా నాతో సహా ఎవరూ పొయ్యి వైపు చూడలేదు. వాళ్లు వచ్చింది వంట చూడటానికి, నేను వచ్చింది వంట చూపించడానికి, అయినా ఆ గదిలో ఒక్కరి కన్నూ వంట మీద లేదు. చీటీ కోసం అడిగే ప్రశ్నల సంగతి కూడా అంతే. ఈ గిన్నె ఏయే రంగుల్లో వస్తుందని ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు అడిగారు, జవాబు మాత్రం ఎవరూ వినలేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి. ఆటలు లేకుండా అతిథుల ఆసక్తిని గంటసేపు నిలపడం సాధ్యమేనా? లేక నేనే పట్టుదలకు పోతున్నానా?

పొయ్యిమంట:

గరిటె గారూ, మీ పెనం మాడటానికి ఆట కారణం కాదండి. ఆట పెట్టిన సమయం కారణం. పార్టీకి వచ్చేవారిలో సగం మందికి మిగతా సగం మంది తెలియదు. ఒకరు ఆఫీసు స్నేహితురాలు, ఒకరు పక్కింటివారు, ఒకరు ఆడపడుచు. వాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టి నేరుగా కత్తి పదును గురించి మొదలుపెడితే అది తరగతి గది అవుతుంది. మొదటి పదిహేను నిమిషాల్లో ముఖాల మీది బిగువు సడలకపోతే ఆ తర్వాత మీరు ఎంత బాగా వండినా వాళ్లు మొహమాటంగానే చూస్తారు.

ఈ వృత్తి పుట్టుకలోనే వినోదం ఉందన్న సంగతి మరవకూడదు. టప్పర్‌వేర్ డబ్బాలు మొదట దుకాణాల్లో అంతగా అమ్ముడుపోలేదు. బిగుతుగా పట్టే ఆ మూతను ఎలా వేయాలో చేత్తో చేసి చూపిస్తే గాని కొనేవారికి అర్థం కాలేదు. బ్రౌనీ వైజ్ అనే ఆవిడ ఇళ్లలో పార్టీలు పెట్టి వాటిని అమ్మిన తీరు చూసి ఆ సంస్థ 1951లో దుకాణాల అమ్మకం మానేసి పూర్తిగా పార్టీల పద్ధతికి మారింది. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా ఆవిడ బొమ్మ వేసింది. ఆ పత్రిక ముఖచిత్రానికి ఎక్కిన మొదటి మహిళ ఆవిడే. ద్రవం నింపి మూత బిగించిన గిన్నెను గదిలో అటు నుంచి ఇటు విసిరి చూపించిన మనిషి ఆవిడ. అది ఆటా, ప్రదర్శనా? రెండూ ఒకటైపోయాయి కాబట్టే జనం కళ్లు తిప్పుకోలేకపోయారు. నేను కూడా చీటీలు ఆడించను. అయిదారు మూతపెట్టిన చిన్న గిన్నెల్లో సుగంధ ద్రవ్యాలు పోసి, కళ్లు మూసుకుని వాసనను బట్టి పేరు చెప్పమంటాను. వంట రానివాళ్లు కూడా అందులో గెలుస్తారు. ఇల్లంతా మాటలతో నిండిపోతుంది.

ఆతిథ్యం:

నేను అమ్మేదాన్ని కాదు, పిలిస్తే వెళ్లేదాన్ని. ఇలాంటి పార్టీలకు పదికి పైగా వెళ్లాను కాబట్టి కుర్చీకి ఇటువైపు నుంచి చెబుతున్నాను. అతిథి మనసు మళ్లడానికి కారణం విసుగు అనుకుంటున్నారు మీరిద్దరూ. నా విషయంలో అది విసుగు కాదు, బెరుకు. తలుపు దాటిన క్షణం నుంచి నా లోపల ఒకటే లెక్క నడుస్తుంది. ఏమీ కొనకుండా బయటపడితే ఇంటావిడ ఏమనుకుంటుంది? ఆవిడ చేతి కాఫీ తాగి, ఆవిడ సోఫాలో కూర్చుని, ఆవిడ స్నేహితులతో నవ్వి, ఖాళీ చేతులతో ఎలా లేస్తాను? ఆ లెక్క తేలేదాకా మీ వంట నా కళ్లకు కనబడుతుంది గాని బుర్రకు ఎక్కదు.

ఈ విషయం మీద ఫ్రెంజెన్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. ఇళ్లలో జరిగే అమ్మకపు పార్టీలనే వాళ్లు పరిశీలించారు. పిలిచిన మనిషితో ఉన్న బంధం ఎంత గట్టిదైతే, ఆ మనిషికి ఎంత రుణపడి ఉన్నామనుకుంటే, కొనే అవకాశం అంత పెరిగింది. అయితే ఎంత కొంటారన్నదాన్ని మాత్రం ఆ బంధం మార్చలేకపోయింది. ఈ రెండో మాట అమ్మేవారు జాగ్రత్తగా చదువుకోవలసినది. మొహమాటం నా చేత ఏదో ఒకటి కొనిపిస్తుంది, కేటలాగులో అన్నిటికన్నా చిన్నదాన్ని వెతికించి మరీ కొనిపిస్తుంది. అంతకు మించి ఒక్క గరిటె కూడా కొనిపించలేదు. నేను ఇష్టపడి పెద్ద వస్తువు కొన్న ఒకే ఒక్క పార్టీలో, డెమో చేసినావిడ మొదటి వాక్యంలోనే ఈ రోజు ఎవరి దగ్గరా ఆర్డరు అడగననీ, ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉంటాయనీ, కావలసినవారు తీసుకుని ఇంటికి వెళ్లి ఆలోచించుకోవచ్చనీ చెప్పింది. నా భుజాలు ఒక్కసారిగా తేలికయ్యాయి. ఆ తర్వాత ఆవిడ చెప్పిన ప్రతి మాటా విన్నాను.

తూకం:

ఆతిథ్యం గారు చెప్పినదాన్ని పూర్తిగా ఒప్పుకుంటూనే, గరిటె గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. పార్టీ చప్పబడేది ఎక్కడ? నేను గమనించినంతలో అది ఎప్పుడూ ఎదురుచూపు దగ్గరే. ఓవెన్‌లో పెట్టిన వంటకానికి ముప్పై నిమిషాలు పడుతుంది, ఆ ముప్పై నిమిషాల్లో చేయడానికి ఏ పనీ ఉండదు, ఆ ఖాళీని నింపడానికే ఆటలు పుట్టాయి. కాబట్టి సమయం పట్టే వంటకాన్ని అతిథులు రాకముందే ఓవెన్‌లోకి పంపండి. తలుపు తీసేసరికి వాసన ఎదురురావాలి. వాళ్ల కళ్లముందు చేసేదంతా ఏడెనిమిది నిమిషాల్లో ఫలితం కనబడే పని అయి ఉండాలి.

రెండోది, వాళ్లను హాలులో కూర్చోబెట్టకండి. వంటగదిలో గట్టు చుట్టూ నిలబెట్టండి, నిలబడలేనివారికి ఎత్తు కుర్చీ వేయండి. ఎనిమిదిమంది దాటితే వెనకవాళ్లకు చేతులు కనబడవు, కనబడనివాళ్లు కబుర్లలో పడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక నేను ఏ పార్టీలోనూ వదలని ఒక ఘట్టం చెబుతాను. స్టీలు పెనాన్ని పొయ్యి మీద పెట్టి అతిథుల్లో ఒకరిని చేయి తడుపుకుని ఒక్క చుక్క అందులో విదల్చమంటాను. చుక్క పరుచుకుని చుయ్‌మని ఆవిరైపోతుంది. అర నిమిషం ఆగి ఇంకొకరిని విదల్చమంటాను. మళ్లీ అదే చప్పుడు, ఈసారి ఇంకా తొందరగా. మూడోవారి వంతు వచ్చేసరికి అందరూ మెడలు చాచి చూస్తుంటారు. ఈసారి చప్పుడు లేదు. చుక్క పగలకుండా ముత్యంలా గుండ్రంగా మారి పెనమంతా జారుతూ తిరుగుతుంది. కింద ఏర్పడిన ఆవిరి పొర దాన్ని పెనానికి అంటకుండా పైకెత్తి ఉంచుతుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించి రాశాడు కాబట్టి ఆయన పేరే దీనికి నిలిచింది. పెనం సుమారు 200 డిగ్రీలకు చేరిందని ఆ ముత్యమే చెబుతుంది. అప్పుడు మంట తగ్గించి, నూనె వేసి, గుడ్డు కొట్టి, ఎవరూ గరిటె పెట్టవద్దని అంటాను. ఒక నిమిషం నిజంగా ఎవరూ మాట్లాడరు. తర్వాత పెనాన్ని వాళ్ల చేతికే ఇచ్చి ఊపమంటాను. గుడ్డు అంటుకోకుండా జారుతుంది. స్టీలు పెనం అడుగంటుతుందని ఇరవై ఏళ్లుగా దాన్ని అటక మీద పెట్టినవాళ్ల ముఖాలు ఆ క్షణంలో చూడాలి. ఏ లాటరీ చీటీకీ ఆ వెలుగు రాదు. ఇంకో సంగతి, వాళ్ల ఇంట్లో ఉన్న పాత పెనం కూడా ఇలాగే పనిచేస్తుందని అప్పుడే చెప్పేస్తాను. అమ్మకం పోతుందని తోటివాళ్లు నన్ను కోప్పడ్డారు. ఆ మాట విన్న తర్వాతే అతిథులు మిగతా విషయాల్లో నన్ను నమ్ముతారు.

పొయ్యిమంట:

తూకం గారూ, చదువుతుంటేనే నాకు చేయాలనిపించింది. అయినా ఒక అభ్యంతరం. పని అతిథుల చేతికి ఇవ్వడం చెప్పినంత తేలిక కాదు. ఒక పార్టీలో ఉత్సాహంగా ముందుకొచ్చిన ఒకావిడకు కొత్త కత్తి ఇచ్చాను. ఆవిడకు ఇంట్లో మొద్దుబారిన కత్తిని బలంగా నొక్కి కోయడం అలవాటు. అదే బలం ఇక్కడా వాడింది, వేలు తెగింది. మిగతా గంటంతా అందరి ధ్యాసా ఆ కట్టు మీదే. పైగా నలుగురిలో తమ చేతివాటం బయటపడుతుందని సిగ్గుపడేవారు ఉంటారు. వాళ్లను పేరు పెట్టి ముందుకు పిలవడం కూడా ఒక రకమైన ఒత్తిడే కదా? నా వాసన ఆటలో అయితే తప్పు చెప్పినా ఎవరికీ నామోషీ ఉండదు.

తూకం:

నిజమే, కత్తి చివరి మెట్టు కావాలి, మొదటిది కాదు. నేను ముందు కలపడం, చల్లడం, తడిమి చూడటం వంటి పనులే ఇస్తాను. కత్తి ఇవ్వవలసివస్తే చాపింగ్ బోర్డు కింద తడిగుడ్డ పరిచి అది జరగకుండా చేస్తాను, కూరగాయ పట్టుకున్న చేతి వేళ్లను లోపలికి ముడిచి పట్టడం నేర్పి, పదునైన కత్తికి బలం అక్కర్లేదని వాళ్ల చేతిలోనే తెలిసేలా మొదట మెత్తటి పండు కోయిస్తాను. ఎవరినీ పేరు పెట్టి పిలవను. గిన్నెను గట్టు మీద అందరికీ అందేలా పెట్టి ఊరుకుంటాను. చేయి తనంతట తానే వస్తుంది. రాని చేతిని రమ్మనను.

ఆతిథ్యం:

ఒక చిన్న మాట. అలర్జీల గురించి ముందే అడగండి, అదీ పార్టీలో అందరి ముందు కాదు, ఇంటావిడ పిలుపుతో పాటే. నాకు గింజలు పడవు. ఆ సంగతి ఎనిమిదిమంది ఎదుట చెప్పవలసి వచ్చిన రోజు నేను ఏమీ తినలేదు, ఏమీ వినలేదు.

గరిటె:

నిన్న జరిగిన పార్టీ తర్వాత రాస్తున్నాను. మీరందరూ చెప్పినవాటిలో చేయగలిగినవన్నీ చేశాను. పొయ్యిమంట గారి వాసన ఆటను మొదటి పది నిమిషాలకు పెట్టాను, కాని బహుమతి పెట్టలేదు. పేరు గుర్తుపట్టిన ద్రవ్యాన్ని గుర్తుపట్టినవారే తీసుకెళ్లి గిన్నెలో వేయాలన్నాను, అలా ఆట వంటలోకి జారిపోయింది. ఎక్కడ ఆట ఆగిందో, ఎక్కడ వంట మొదలైందో ఎవరికీ తెలియలేదు. చప్పగా ఉందన్న ఫిర్యాదుకు నా దగ్గర లేని జవాబు అదేనని ఇప్పుడు తెలిసింది. రెండేళ్లుగా నేను ఆటలను తీసేశాను గాని ఆ ఖాళీలో అతిథులకు మరే పనీ ఇవ్వలేదు. నేను వండుతుంటే వాళ్లు ఊరికే చూశారు.

ఆర్డర్ల సంగతి మొదటే చెప్పేశాను, ఫారాలు తలుపు దగ్గరే ఉంచాను. ఆర్డరు ఇచ్చాక మనసు మారితే రద్దు చేసుకోవచ్చని, ఎన్ని రోజుల్లోగా చేయాలో కూడా చెప్పాను. యూరోపియన్ యూనియన్‌లో దుకాణం వెలుపల కుదిరిన అమ్మకాలకు 14 రోజుల గడువు, అమెరికాలో ఇంట్లో జరిగే అమ్మకాలు నిర్ణీత మొత్తం దాటితే మూడు పనిదినాల గడువు చట్టమే ఇస్తున్నప్పుడు, ఆ సంగతిని ఫారం వెనక చిన్న అక్షరాల్లో దాచడం నాకు మొదటి నుంచీ నచ్చలేదు. ఏడుగురు వచ్చారు, ముగ్గురు ఆర్డరు ఇచ్చారు. మునుపు ఏడుగురు వస్తే ఆరుగురు ఇచ్చేవారు. అయితే ఆ ఆరుగురివీ తొక్కతీసే కత్తులు, కొలత చెంచాలు. నిన్నటి మూడింటిలో రెండు పెద్ద పెనాలు. ఒక్క పార్టీని బట్టి తీర్పు చెప్పను, ఇంకా పది పార్టీలు ఇలాగే చేసి చూస్తాను.

నాకు ఇంకా తెగని చిక్కు ఒకటి మిగిలింది. పార్టీ పెట్టించిన ఇంటావిడకు వచ్చే కానుక, ఆ రోజు జరిగిన అమ్మకాన్ని బట్టి ఉంటుంది. నేను అతిథులకు ఎంత స్వేచ్ఛ ఇస్తే ఆవిడకు ఆ సాయంత్రం అంత తక్కువ దక్కుతుంది. అందుకని ఇక మీదట ఆ కానుకను అమ్మకంతో ముడిపెట్టకుండా, ఇల్లు ఇచ్చినందుకు ముందే ఒక వస్తువు నా తరఫున ఇచ్చేద్దామని అనుకుంటున్నాను. నిన్నటి ఇంటావిడకు ఈ మాట చెబితే ఆవిడ కాసేపు ఆగి, అయితే వచ్చే నెల తన అక్కను, కొనే అలవాటు బొత్తిగా లేని మనిషిని, ధైర్యంగా పిలవవచ్చా అని అడిగింది. పిలవమన్నాను.