మనవరాలికి చైనా పేరు పెట్టాల, తామర కుదరదంట. ఏం పెడదాం?

తిరుపతి అవ్వ రాసినది:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. బడిపిల్లలకు తెలుగు చెప్పి రిటైరయినాను. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. కోడలు చైనా పిల్ల, ఫూజౌ వాళ్ల ఊరు. పది రోజుల కిందట వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. మఖ ఒకటో పాదం, 'మ' అక్షరం వచ్చిందని పంతులు చెప్పినాడు. నెల నిండిన రోజు పేరు పెడతారు. వాళ్లకూ ఆ రోజే పండగ, ఎర్ర రంగు వేసిన కోడిగుడ్లు పంచుతారంట. బారసాల కూడా అప్పుడే చేసేద్దాం అనుకున్నాం. పిల్లకు రెండు పేర్లు, ఒకటి మనది, ఒకటి వాళ్లది.

మా అత్తగారి పేరు అలమేలుమంగ. పోయి నాలుగేళ్లయింది. నేను బడికి పోతే మా అబ్బాయిని చంకనేసుకుని పెంచింది ఆమే. మొదటి ఆడపిల్లకు ఆమె పేరే పెట్టుకోవాలని వాడు ఎప్పటినుంచో అనుకుంటా ఉన్నాడు. అలమేలుమంగ అంటే అరవంలో తామరపూవు మీది తల్లి. మా ఇంటికి తిరుచానూరు ఆటోలో పోయేంత దూరం. కార్తీక శుద్ధ పంచమి నాడు పద్మసరోవరంలో బంగారు తామరలో అమ్మవారు పుట్టిందని మేం చిన్నప్పటినుంచి వింటా పెరిగినోళ్లం. అందుకే చైనా పేరు కూడా తామరే అయితే బాగుంటుందని కోడల్ని అడిగినాను. తామరను వాళ్లు 'లియెన్' అంటారంట. ఆ అక్షరం రాసి వాట్సాప్‌లో పంపింది.

నెల రోజుల నాడు బియ్యంలో రాసేది నేనే కదా, చెయ్యి తిరగాలని ఇత్తడి తాంబాళంలో శేరు బియ్యం పోసి కూర్చున్నాను. పది గీతలు. పైన గడ్డి, దాని కింద బండి, ఎడమ పక్కనుంచి పడవ అడుగు మాదిరి జారే గీత. మన అక్షరమైతే ఉంగరం వేలితో ఒక్క ఊపులో తిరుగుతుంది. ఇది అట్ల కాదు. గీత గీతకూ చెయ్యి ఎత్తాలి, ఎత్తిన ప్రతిసారీ పక్క గీతలోకి బియ్యం జారిపోతాయి. మూడు సాయంత్రాలు కూర్చుంటే కుదిరింది. ఫొటో తీసి పంపితే కోడలు చాలా సంతోషపడింది.

రెండు రోజులకు అబ్బాయి ఫోన్ చేసి, అది పెట్టేదానికి లేదమ్మా అన్నాడు. కోడలి అమ్మమ్మ పేరులో ఆ లియెన్ ఉందంట. ఆమె ఇంకా ఉంది, ఎనభై దాటింది. పెద్దోళ్ల పేరులోని అక్షరం పిల్లకు పెడితే వాళ్లకు మర్యాద తప్పినట్టంట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనం పెద్దోళ్ల మీద ప్రేమతో పెట్టుకునేదాన్ని వాళ్లు తప్పంటారే అని బాధయింది. తెల్లారి కాఫీ కలుపుకుంటా ఆలోచిస్తే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మా పెద్దమ్మాయికి మా ఆయన నాయనమ్మ పేరు పెట్టినాం, కానీ మా అత్తగారు ఒక్కరోజు కూడా ఆ పేరుతో పిలవలేదు. అది ఆమె అత్తగారి పేరు. 'చిట్టీ' అనే పిలిచింది. పిల్ల అల్లరి చేస్తే ఆ పేరు పెట్టి ఎట్ల తిడతాం అనేది. వాళ్ల భయమూ అదే అయ్యుండాల.

కోడల్ని గానీ, ఆ పెద్దామెను గానీ నొప్పించడం నాకు ఇష్టం లేదు. కోడలు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు తెచ్చిన టీ డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. ఆకు అయిపోయి ఏడాది దాటినా మూత తీస్తే మల్లెపూల వాసన వస్తుంది. అంత దూరం నుంచి నా కోసం మోసుకొచ్చిన పిల్ల అది.

చైనా సంగతులు తెలిసినోళ్లు చెప్పండి. పిలిచేదానికి నా నోరు తిరగాల, అక్కడి బడిలో తెల్ల టీచరుకూ తిరగాల. అర్థం మంచిది కావాల. 'మ'తో మొదలైతే ఇంకా సంతోషం. పిల్ల వాళ్ల అమ్మ ఇంటిపేరు పెట్టుకుంటుంది, 'లిన్'.

చిత్తూరు డాక్టరు:

అమ్మా, నేను ఆరేళ్లు చైనాలో మెడిసిన్ చదివినాను. మీ కోడలి వాళ్లు చెప్పింది నిజమే, అది వాళ్లు కల్పించిన సాకు కాదు. పెద్దల పేరు తాకకూడదనే పట్టింపు అక్కడ చాలా పాతది. బీజింగ్ రాజప్రాసాదం ఉత్తర ద్వారాన్ని ముందు 'ష్వాన్‌వు' అనేవాళ్లు. కాంగ్షీ చక్రవర్తి సొంత పేరులో 'ష్వాన్' ఉందని దాన్ని 'షెన్‌వు' చేసినారు, ఇప్పటికీ అదే పేరు. రాజుకు చేసిన మర్యాదే ఇంట్లో అవ్వాతాతలకూ.

ఇంకో మాట. మీరు లియెన్ అని రాసినారు గానీ, ఏ స్వరంలో అన్నదే అక్కడ ముఖ్యం. 'ఆఁ?' అని అడిగినట్టు పైకి లేపితే తామర. కిందికి దించి లేపితే ముఖం. 'చాల్!' అన్నట్టు కొట్టి దించితే సాధన చెయ్యడం. 'మా' కూడా అంతే, ఒక స్వరంలో అమ్మ, ఇంకో స్వరంలో గుర్రం, మరో స్వరంలో తిట్టడం. కాబట్టి ఏ పేరు అనుకున్నా కోడలి చేత వాయిస్ మెసేజ్ పెట్టించుకుని, దాన్ని విని నేర్చుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదవద్దు. తామరకు ఇంకో మాట ఉంది, ఇంగ్లీషులో రాస్తే 'హే' లాగా కనిపిస్తుంది, పలికేది మాత్రం దాదాపు 'హ'. మొదటి ఏడాది హాస్టల్‌లో నేను ఇట్లాంటివి రోజూ తప్పుగా పలికేవాణ్ని.

మదనపల్లె పిల్ల, సింగపూర్:

ఆంటీ, మా ఇంట్లో కూడా ఇదే కథ, మా ఆయన చైనీస్, పాపకు ఆరేళ్లు. నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి, పేరును ఇంటిపేరుతో కలిపి గట్టిగా చదివి చూడాలి. వాళ్లకు ఇంటిపేరు ముందొస్తుంది, రెండూ కలిస్తే ఒక మాటైపోతుంది. 'వు' అనే ఇంటిపేరు 'లేదు' అనే మాట లాగే వినిపిస్తుంది. దాని పక్కన 'ద' అని, సుగుణం అనే అర్థంలో పెడితే 'సుగుణం లేదు' అయిపోతుంది. మీ 'లిన్'తో ఆ భయం లేదు. లిన్ అంటే అడవి, రెండు చెట్లు పక్కపక్కన గీసినట్టే ఉంటుంది అక్షరం.

ఇంగ్లీషులో ఎక్స్, క్యూ అక్షరాలతో మొదలయ్యేవి వదిలేయండి, బయటి దేశాల్లో టీచర్లు హాజరు పిలిచేటప్పుడు అక్కడే ఆగిపోతారు. మా పాపకు ఆ బాధ పడకూడదనే మేము రెండు మంచి పేర్లు పక్కన పెట్టేశాం. 'మ'తో కావాలంటే 'మిన్' ఉంది, చురుకైనది అని అర్థం. 'మే' అంటే అందం, కానీ అది చాలామందికి ఉంటుంది. నేనైతే మిన్ వైపు మొగ్గుతాను.

పుంగనూరు మాస్టారు:

అమ్మా, నాకు చైనా భాష రాదు. కానీ మీ టీ డబ్బా దగ్గర ఆగిపోయినాను. మీరు వెతికే పేరు ఆ డబ్బాలోనే ఉంది.

మల్లెను చైనాలో 'మొలీ' అంటారు. అది వాళ్ల సొంత మాట కాదు, మన 'మల్లిక'నే. సంస్కృతం మాట బౌద్ధంతో పాటు నడిచిపోయి అక్కడి నోళ్లలో అట్ల మారింది. కోసల రాజు ప్రసేనజిత్తు భార్య మల్లికాదేవిని కూడా వాళ్ల బౌద్ధ గ్రంథాల్లో మొలీ రాణి అనే రాసుకున్నారు. రెండు పేర్లు పెడుతున్నాం అంటిరే, ఇది ఒకటే పేరు, రెండు ఇళ్లలో రెండు రకాలుగా పలికేది. 'మ' అక్షరం కూడా వచ్చేసింది.

ఫూజౌ అంటే మల్లెల టీకి పుట్టినిల్లు, ఆ నగరానికి గుర్తు పువ్వు కూడా మల్లే. మొగ్గలు మధ్యాహ్నం కోస్తారు. రాత్రి అవి విచ్చుకునేటప్పుడు టీ ఆకులో కలిపి పెడతారు, ఆకు వాసన పట్టినాక పూలు తీసేస్తారు. మళ్లీ కొత్త పూలు, మళ్లీ అదే పని, అట్ల కొన్నిసార్లు. అందుకే మీ డబ్బాకు ఏడాదైనా వాసన పోలేదు.

ఇంటిపేరు లిన్ అంటే అడవి అన్నారు కదా. లిన్ మొలీ. మన అడవిమల్లె.

చిత్తూరు డాక్టరు:

మాస్టారు చెప్పింది చాలా బాగుంది. ఒక్కటి మాత్రం ముందే తెలియాల. హాంకాంగ్ వైపు వ్యాపారం చేసేవాళ్లకు మల్లెపూలు కానుకగా ఇవ్వరు. మొలీ అనే మాట 'లాభం లేదు' అన్నట్టు వినిపిస్తుందని. వాళ్ల ఇంట్లో వ్యాపారం ఉంటే ఒకసారి అడిగి చూడండి అమ్మా.

తిరుపతి అవ్వ:

వారం రోజులు రాయలేదు, క్షమించండి. మాస్టారు గారూ, మీ మాట చదివినాక వంటింట్లోకి పోయి ఆ డబ్బా మూత తీసి చాలాసేపు అట్లే నిలబడినాను. ఎండాకాలం సాయంత్రాల్లో మా అత్తగారు నా జడలో మూర పూలు పెట్టి గానీ గుడికి పంపేది కాదు. కొండకు పోయేటప్పుడు మాత్రం ఆమే తీయించేది, అక్కడి పూలన్నీ స్వామివి, మనం పెట్టుకోకూడదని. ఇన్నేళ్లూ తామర తామర అని వెతికినాను గానీ, ఆమె చేతి వాసన మల్లెపూలదే.

కోడలి నాన్నది చిన్న టీ అంగడి. డాక్టరు బాబు చెప్పిన లాభం సంగతి భయపడతానే అడిగించినాను. ఆయన చెప్పింది విని నా మనసు కుదుట పడింది. ఇన్నేళ్లు మొలీ అమ్మే మేం బతికినాం, ఆ 'లీ' అక్షరంలో గడ్డి తీసేస్తే మిగిలేదే లాభం అన్నాడంట. అమ్మమ్మగారు వీడియోలో వచ్చి పిల్లను మొలీ, మొలీ అని రెండుసార్లు పిలిచింది. రెండు అక్షరాలూ కొట్టి దించినట్టు. నేను ఆమె వెనకే పలికినాను, సరిదిద్దింది, మళ్లీ పలికినాను. ఇద్దరికీ ఇంకో మాట రాదు, అయినా పావుగంట మాట్లాడుకున్నాం.

రికార్డుల్లో అలమేలు మల్లిక, వాళ్లకు లిన్ మొలీ. మిన్ కూడా మంచి పేరే అమ్మా మదనపల్లె పాపా, నువ్వు చెప్పినట్టే ఇంటిపేరుతో కలిపి గట్టిగా చదివి చూసినాను. నేను మల్లీ అనే పిలుస్తాను, అలమేలు అని ఎటూ నా నోటితో అనలేను.

నిన్న రాత్రి మళ్లీ తాంబాళం తీసినాను. మూడు అక్షరాలకూ కలిపి 26 గీతలు, చోటు చాలక పెళ్లినాటి పెద్ద తాంబాళం దించాల్సి వచ్చింది. 'లీ' అక్షరంలో గడ్డి కింద ఎడమ పక్కది వరి, కుడి పక్కది కత్తి అని కోడలు చెప్పింది. కత్తి గీతలు ఇంకా సరిగ్గా నిలవడం లేదు, కిందికొచ్చేసరికి బియ్యం జారతా ఉంది. వరి మాత్రం నిన్ననే కుదిరింది.