జనవరి 26 అసలు దేనికి గుర్తు?

విశాఖపట్నం సీతమ్మధార నుంచి, చర్చ ప్రారంభించినవారు:

ఈసారి గణతంత్ర దినోత్సవాన్ని ఎలా జరపాలన్న విషయం మీద మా అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో గంటసేపు వాదన జరిగింది. జెండా ఎగరవేసి, పిల్లలకు చాక్లెట్లు పంచి, ఢిల్లీ కవాతును పెద్ద తెర మీద చూద్దామని చాలామంది అన్నారు. అప్పుడు పదో తరగతి చదివే ఒక అమ్మాయి లేచి, రాజ్యాంగ సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న కదా, 2015 నుంచి ఆ రోజును రాజ్యాంగ దినోత్సవంగా కూడా జరుపుతున్నారు కదా, మరి రెండు నెలల తర్వాత వచ్చే జనవరి 26కు ఉన్న ప్రత్యేకత ఏమిటని అడిగింది. మాలో ఎవరమూ సరైన సమాధానం చెప్పలేకపోయాం. రాజ్యాంగ పీఠికలో రాసి ఉన్న తేదీ కూడా నవంబరు 26 కాబట్టి, నా మటుకు నాకు అదే అసలైన రోజనిపిస్తోంది. తెలిసినవారు చెప్పగలరు.

మద్దిలపాలెం నుంచి, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు:

పీఠికలోని తేదీ గురించి మీరన్నది నిజమే. పౌరసత్వానికి, ఎన్నికల సంఘానికి సంబంధించిన కొన్ని అధికరణాలు ఆ నవంబరు 26నే అమలులోకి వచ్చాయి కూడా. అయినా మిగిలిన రాజ్యాంగాన్ని జనవరి 26 దాకా ఆపింది ఊరికే కాదు.

1929 డిసెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన లాహోరులో జరిగిన కాంగ్రెస్ మహాసభ, డొమినియన్ ప్రతిపత్తి, అంటే బ్రిటన్ రాజు పేరు కిందే స్వపరిపాలన, మనకు చాలదని, సంపూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని తీర్మానించింది. ఆ తీర్మానం నాయకుల దగ్గరే ఉండిపోకుండా, 1930 జనవరి 26 ఆదివారం నాడు దేశమంతటా సభలు పెట్టి జనం చేత ఒక ప్రతిజ్ఞ చేయించారు. ఆ ప్రతిజ్ఞా పాఠాన్ని ఒకసారి చదివి చూడండి. అందులో శిస్తు, ఉప్పు పన్ను పేదవాడి నడ్డి విరుస్తున్న తీరు ఉంది. చేతి వడుకు నాశనమై రైతు ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పని లేక కూర్చోవడం ఉంది. ఇలాంటి పాలనకు ఇంకా లొంగి ఉండటం మనిషి పట్ల, దేవుడి పట్ల కూడా నేరమన్న మాట ఉంది. దాని తర్వాత నెలన్నర తిరిగేసరికి గాంధీజీ దండికి బయలుదేరారు.

ఆనాటి నుంచి 1947 దాకా కాంగ్రెస్‌వాదులు స్వాతంత్ర్య దినంగా జరుపుకొన్నది జనవరి 26నే. ఆగస్టు 15ను ఎంచింది మౌంట్‌బాటన్. అది జపాన్ లొంగుబాటుకు రెండో వార్షికం. మనం కోరుకున్న తేదీ వేరు, మనకు వచ్చిన తేదీ వేరు. అంతేకాదు, 1947 ఆగస్టు నుంచి 1950 జనవరి దాకా మన దేశం బ్రిటన్ రాజు ఆరో జార్జి పేరు మీద నడిచిన డొమినియనే. లాహోరులో ఏ ప్రతిపత్తి చాలదన్నామో, సరిగ్గా అదే. అది తొలగి, లాహోరు తీర్మానం అక్షరాలా నెరవేరింది 1950 జనవరి 26న. నవంబరు 26న రాజ్యాంగం సిద్ధమైంది. జనవరి 26న మాట నిలబడింది. ఈ తేడాను పిల్లలకు మనం చెప్పడం మానేశాం. నన్ను ఎక్కువగా బాధించేది అదే.

మల్కాపురం నుంచి, డాక్‌యార్డు ఉద్యోగి:

మాస్టారూ, చరిత్ర బాగా చెప్పారు. కానీ కవాతును మధ్యలో వచ్చి చేరిన ఆర్భాటంగా ఎవరైనా అనుకుంటే నేను ఒప్పుకోలేను. 1950లో తొలి గణతంత్ర దినం నాడే ఢిల్లీ ఇర్విన్ స్టేడియంలో కవాతు జరిగింది, ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ముఖ్య అతిథిగా వచ్చారు. 1955 నుంచి రాజ్‌పథ్ (2022 నుంచి దాని పేరు కర్తవ్య పథ్) దానికి స్థిరమైన చోటైంది. మా పేటలో ఇంటికొకరు నౌకాదళంతోనో డాక్‌యార్డుతోనో ముడిపడి ఉన్నవారే కాబట్టి, ఆ రోజు మాకు గర్వకారణం. ఇక ప్రతిజ్ఞలు చదివినంత మాత్రాన ఏమి మారుతుంది? జనవరి 26న మనం వైరుధ్యాల జీవితంలోకి అడుగు పెడుతున్నామని, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటాయని 1949 నవంబరు 25న అంబేడ్కర్ హెచ్చరించారు. ఆ వైరుధ్యం తీరకుండా పీఠిక వల్లించడం నాకు తృప్తినివ్వదు.

మద్దిలపాలెం నుంచి:

కవాతు వద్దని నేను అనలేదండీ. 1971లో కరాచీ రేవు మీద జరిపిన దాడికి గుర్తుగా డిసెంబరు 4న మన ఆర్కే బీచిలో నౌకాదళ విన్యాసాలు జరిగినప్పుడు జనంలో నిలబడి చూసేవాణ్ణే. ఆ రోజు చూడటానికి వెళ్తాం, అది సబబే. జనవరి 26 మాత్రం పుట్టుకతోనే జనం నోరు తెరిచి పలికిన రోజు. దాన్ని కూడా చూడటంతోనే సరిపెట్టడం నాకు లోటుగా తోస్తుంది.

ఈ విషయంలో మన ఊరికి ఉన్న వాటా చాలామందికి గుర్తు లేదు. బడిలో మనమందరం చెప్పిన ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసింది ఈ విశాఖపట్నంలోనే, జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తున్నప్పుడు. విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం దాన్ని అప్పటి విద్యామంత్రి పి.వి.జి. రాజు దృష్టికి తీసుకువెళ్లారు. 1963లో ఈ ఊరి బడిలోనే మొదట చదివించారు. దేశమంతటి బడుల్లోకి వెళ్లింది 1965 జనవరి 26 నుంచి. 1930లోనూ, 1950లోనూ, 1965లోనూ ఆ తేదీకి వచ్చిన పాఠాలన్నీ ‘మేము’, ‘నేను’ అని పలకవలసినవే. అంబేడ్కర్ హెచ్చరిక చదవడానికి అడ్డు కాదు. పీఠిక తర్వాత వెంటనే చదవవలసిన పాఠం అది. ‘భారత ప్రజలమైన మేము’ అని గొంతెత్తి అన్నవాడికి, తన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఆ ‘మేము’లో ఉందా అన్న ప్రశ్న తప్పదు.

సీతమ్మధార నుంచి:

మీ ఇద్దరి మాటలూ ఆ అమ్మాయికి చూపించాను. నవంబరు 26 గురించి నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. జెండా వందనం అయ్యాక ఆ అమ్మాయి పీఠిక చదువుతుంది, మేమందరం వెంట పలుకుతాం. అంబేడ్కర్ మాటలు చదవడానికి వాచ్‌మన్ గారి అబ్బాయి ఒప్పుకున్నాడు. కవాతు ఆ తర్వాత చూస్తాం. 1930 నాటి ప్రతిజ్ఞ తెలుగు పాఠం ఎవరి ఇంట్లోనైనా పాత కాగితాల్లో ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి. దొరకకపోతే ఇంగ్లీషు పాఠం నుంచి మేమే తెలుగు చేసుకుంటాం, మాస్టారు ఒకసారి దిద్దిపెడితే చాలు.