పూజ మానేశాను, కానీ కూర్చోవడం మానలేకపోతున్నా: నలభై దాటాక మీరేం చేస్తున్నారు?

బాల్కనీ_కుర్చీ
నాకు 48. ఉండేది కూకట్‌పల్లి, సొంతూరు అమలాపురం దగ్గర. పోయినేడు అమ్మ పోయింది. పదకొండో రోజు గోదానం దగ్గర బేరం మొదలైంది, అయిదు వేలా, ఏడున్నరా అని. నేను కొబ్బరికాయ చేత్తో పట్టుకుని నిలబడ్డా. ఆ తడి ఇంకా అరచేతిలో ఉన్నట్టే ఉంటుంది. అప్పట్నుంచి పూజగది గడప దగ్గరే కాళ్లు ఆగిపోతున్నాయి.
పొద్దున్నే అయిదింటికి లేచి బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలో ఊరికే కూర్చుంటున్నా. జపం లేదు, యాప్ లేదు. పాలవాడు వచ్చేదాకా, అంతే. ఆ పూటంతా బాగుంటోంది.
అడగాలనుకున్నవి: ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పారు? కార్తీకమాసం వస్తోంది, సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చుంటారా లేదా అని మా ఆవిడ నిలదీస్తోంది. పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లినవాళ్లు ఉన్నారా? నాకు షుగర్ ఉంది. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, కాబోయే వియ్యాలవారితో ఈ గోలంతా ఏమని చెప్పాలి?

మంజీర
అన్నా, నేను పోయిన. వనస్థలిపురం దిక్కు సాగర్ రోడ్డు మీద ఉన్న సెంటర్‌కు. పొద్దుగాల నాలుగింటికి గంట కొడతరు, రాత్రి తొమ్మిదిన్నరకు లైట్లు బంద్. మాట బంద్, ఫోన్ బంద్, పుస్తకం బంద్, పెన్ను సుత బంద్. మొదటి మూడు దినాలు ముక్కు కాడ శ్వాస చూసుడే. నాలుగో దినం అసలు విపశ్యన షురూ, గంటసేపు కదలకుండ కూసునుడు గూడ అప్పటిసందే.
మూడో దినం రాత్రి నేను బ్యాగు సర్దుకొని గేటు దాక పోయిన. గేటుకు అడ్డంగ కుక్క పండుకున్నది. దాన్ని లేపబుద్ధి కాలె, వాపసొచ్చిన. గట్లనే పది దినాలు అయినయ్.
పైసలు అడగరు. కోర్సు అయినంక ఇస్తే తీసుకుంటరు, ముందుగాల ఇస్తనన్నా వద్దంటరు. సాయంత్రం ఐదింటికి కొత్తోళ్లకు చాయ్, పండు, గిన్ని ప్యాలాలు. రాత్రి బువ్వ లేదు.

కొండమీద_గాలి
అవి ప్యాలాలు కాదప్పా, బొరుగులు.

బందరు_లడ్డు
మరమరాలు అనండి, గొడవ వదిలిపోతుంది.

పాతసాధకుడు
1998 నుంచి సాధన చేస్తున్నాను. పద్నాలుగు కోర్సులు కూర్చున్నాను, నాలుగింటిలో సేవ చేశాను. కొత్తవాళ్లు సగం తెలిసి రాయకపోతే మంచిది. ఈ కోర్సులు మొదలుపెట్టిన గోయెంకాజీ బర్మాలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తలనొప్పి వదిలించుకోవడానికి ధ్యానగురువు ఊ బా ఖిన్ గారి దగ్గరికి వెళ్లారు. ఆయన సన్యాసి కూడా కాదు, బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. 1969లో గోయెంకాజీ ఆ విద్యని మన దేశానికి తెచ్చారు. ఇది శాస్త్రం. మతంతో సంబంధం లేదు.

నాస్తికంగా_బెజవాడ
సంబంధం లేదా? మొదటి రోజు రాత్రి బుద్ధుడు, ధర్మం, సంఘం అనే త్రిరత్నాలకి శరణు చెప్పించారా లేదా? పాళీలో పఠనాలు వినిపించారా లేదా? నేనూ వెళ్లొచ్చానండీ, పదిరోజులూ పూర్తిగా కూర్చున్నా.

పాతసాధకుడు
శరణు వ్యక్తికి కాదు. బోధి, అంటే జ్ఞానోదయం అనే గుణానికి. ఆచార్యులు ఆ రోజే వివరిస్తారు, మీరు నిద్రపోయి ఉంటారు.

నాస్తికంగా_బెజవాడ
మా నాయనమ్మ కూడా రాయికి కాదురా, రాయిలో ఉన్న గుణానికి మొక్కుతున్నా అనేది. ఆవిడది మూఢనమ్మకం, మీది శాస్త్రం! ముంబైలో గొరాయి దగ్గర ఎనిమిది వేల మంది కూర్చునే పగోడా కట్టి, అందులో బుద్ధుడి ధాతువులు పెట్టారు. ఏ ల్యాబులో ఎముకలు పెట్టి చుట్టూ గోపురం కడతారో చెప్పండి.

పాతసాధకుడు
అనుభవం లేనివాళ్లతో వాదన దండగ.

నాస్తికంగా_బెజవాడ
స్వాములు కూడా సరిగ్గా ఇదే మాటంటారు.

ఆదివారం_ఖాళీ
గుడి మానేసినవాళ్ల గురించే రాస్తున్నారు. మాదీ ఒక బాధే. గుంటూరు, 52 ఏళ్లు, మూడు తరాలుగా లూథరన్లం. మా సంఘంలో కమిటీ ఎన్నికల్లో కొట్టుకుని పోలీస్‌స్టేషన్ దాకా వెళ్లారు, ఆ వారమే మానేశాను. ప్రార్థన మానలేదు. ఇంట్లో బియ్యం ఏరుకుంటూ చేసుకుంటాను, హాయిగానే ఉంటుంది. ఆదివారం తొమ్మిదింటికి మాత్రం చేతులు కట్టేసినట్టు ఉంటుంది. పాటలు కావాలి నాకు. నలుగురితో కలిసి పాడితే వచ్చేది ఒక్కదాన్నీ పాడితే రాదు. నెలకోసారి బాపట్ల వెళ్లి సూర్యలంకలో నీళ్లదగ్గర నిలబడి కీర్తన ఎత్తుకుంటా. అలల హోరులో నా గొంతు నాకే వినపడదు, ఎవరో తోడు పాడుతున్నట్టు ఉంటుంది. మా అమ్మ మాత్రం "ఆరాధన ఎగ్గొట్టి బీచికి పోయింది" అని చుట్టాలందరికీ ఫోన్లు.

కొండమీద_గాలి
ఇంత దూరం ఎందుకప్పా. మా మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1929లోనే తేల్చేసినాడు. ఆయన్ని జగద్గురువు చేయాలని పెట్టిన సంఘాన్ని, వేలమంది సభ్యులుండంగానే, హాలండులో నిలబడి రద్దు చేసినాడు. సత్యానికి దోవ లేదు, గురువు లేడు అన్నాడు. నేను ఆయన పెట్టిన రిషివ్యాలీ బడి పక్కనే పెరిగినోణ్ణి.

బందరు_లడ్డు
పక్కన పెరిగితే వచ్చేస్తుందా ఏంటండీ. అయినా ఆయన పేరుతో ఫౌండేషన్లూ బడులూ నడుస్తూనే ఉన్నాయి. అసలు సిసలు మా బందర్లో 1918లో పుట్టిన యూజీ కృష్ణమూర్తి. సంఘం లేదు, బడి లేదు, చెప్పడానికి ఏమీ లేదు పొండి అన్నాడు. జిడ్డువారి ప్రసంగాలు ఏళ్లతరబడి విని మరీ విడిపోయాడు.

కొండమీద_గాలి
ఏమీ లేదు పొండి అనేదానికి మళ్లా అంతమంది ఎందుకు చుట్టూ కూర్చున్యారో?

బందరు_లడ్డు
అది కూర్చున్నవాళ్ల ఖర్మ.

బాల్కనీ_కుర్చీ
ఇద్దరు కృష్ణమూర్తులకీ దణ్ణం. నా షుగర్ సంగతి ఎవరైనా చెప్తారా?

మంజీర
ఫారంలో రాయాలె అన్నా. మందులేవో, ఇన్సులిన్ ఉన్నదా, అన్నీ. డాక్టరును అడిగి పో. దాచిపెట్టి పోకు.

తులసికోట
దాచొద్దు అన్నది బంగారం లాంటి మాట. మానసిక చికిత్స సంగతి కూడా ఆ ఫారంలో అడుగుతారు. మా తమ్ముడు రాయలేదు, పైగా వెళ్లేముందు మాత్రలు మానేశాడు. ఆరో రోజుకి నిద్ర పూర్తిగా పోయింది. మేం వెళ్లి తీసుకొచ్చాం. కారులో నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు. కుదుటపడడానికి మూడు నెలలు పట్టింది.

పాతసాధకుడు
మనసులో పేరుకున్న లోతైన సంస్కారాలు పైకి వచ్చేటప్పుడు అలా జరుగుతుంది. మధ్యలో తీసుకురాకుండా ఉండాల్సింది.

తులసికోట
పద్నాలుగు కోర్సులు చేసి నేర్చుకున్నది ఇదా? వాడు గోడకేసి తల బాదుకుంటుంటే చూశారా మీరు? మీ సంస్కారాలు మీ దగ్గరే ఉంచుకోండి.

నాస్తికంగా_బెజవాడ
అమ్మా, ఈ ఒక్క విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు.

డాలస్_అత్తయ్య
బాబూ, నేను మీ ఆవిడ వైపు నుంచి రాస్తున్నా. మా ఆయన 45 దాటాక ఇలాగే "నాకు లోపలి దారి దొరికింది" అన్నారు. సంతోషం. ఇక్కడ క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల సభకి వెళ్తారు. పాస్టరు లేడు, పాట లేదు, గంటసేపు అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా లోపల్నుంచి మాటొస్తే లేచి చెప్తారు. నేనూ రెండుసార్లు వెళ్లా, బాగుంది. మరి ఇంట్లో? వినాయకచవితికి పత్రి నేనే తేవాలి, కథ నేనే చదవాలి, నా నెత్తిన అక్షింతలు నేనే వేసుకోవాలి. ఆయన పక్కగదిలో కళ్లుమూసుకుని ప్రశాంతంగా ఉంటారు. ఆ ప్రశాంతతకి ఉండ్రాళ్లు చేసిపెట్టేది ఎవరు? పీటల మీద కూర్చోండి. గంటన్నర. మీ మౌనం అక్కడా చేసుకోవచ్చు.

నాస్తికంగా_బెజవాడ
నమ్మకం లేకుండా కూర్చోవడం ఆత్మవంచన కాదా అత్తయ్యగారూ?

డాలస్_అత్తయ్య
ఆఫీసులో మీటింగులకి నమ్మకంతోనే కూర్చుంటున్నావా నాయనా?

మంజీర
😂 అత్తమ్మా, మస్తు చెప్పినవ్.

బాల్కనీ_కుర్చీ
అత్తయ్యగారి మాట నిన్న మా ఆవిడకి చదివి వినిపించా. ఏమీ అనలేదు. ఇవాళ పొద్దున అయిదుంబావుకి బాల్కనీ తలుపు తీసింది. నాతో కూర్చుంటుందేమో అనుకున్నా. "పీటల మీద కూర్చునేదీ లేనిదీ మీ ఇష్టం, దీపాల్లోకి నువ్వులనూనె అయిపోయింది, కిలో తెండి" అని లోపలికెళ్లిపోయింది. కాసేపటికి కాఫీ మాత్రం రెండు గ్లాసుల్లో తెచ్చింది. కోర్సు వ్రతం అయ్యాక చూస్తా, డాక్టర్ని అడిగి. వియ్యాలవారి విషయం ఎవరూ చెప్పలేదు, పర్లేదు.

కొండమీద_గాలి
నువ్వులనూనె గానుగది తీసుకో అప్పా, ప్యాకెట్టుది పొగొస్తాది.

కొత్త_సభ్యుడు_7
అన్నలూ, పది రోజులు ఫోన్ ఇచ్చెయ్యాలంటున్నారు, మరి ఆఫీసు ఓటీపీలు ఎట్లా?

మంజీర
రావు తమ్మీ. గదే కోర్సు.