అప్‌డేట్: తగ్గిపోయిన ఇథైల్ అసిటేట్ పొర సంగతి

సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో కడిగి, రాత్రంతా సెపరేటింగ్ ఫన్నెల్‌లో (కలవని ద్రవాలను వేరుచేసే కుళాయి గల గాజు పాత్రలో) వదిలేసిన నా ఇథైల్ అసిటేట్ (ఎస్టర్ రకపు ద్రావణి) పొర తెల్లవారేసరికి ఎందుకు సగానికి తగ్గిందని ఇంతకు ముందు అడిగాను. అది ఆవిరైపోయి ఉంటుందని నేను అనుకున్నాను, కానీ మూత బిగించి ఉన్నందున ఆ అనుమానం నిలవలేదు.

మీరు చెప్పినట్టే అసలు కారణం క్షార జలవిశ్లేషణ, అంటే క్షారం వల్ల ఎస్టర్ విడిపోవడం. ఇథైల్ అసిటేట్ సోడియం అసిటేట్‌గా, ఇథనాల్‌గా మారి, ఆ రెండూ నీటి పొరలోకి చేరాయి. ఒక మోల్ (అణువుల నిర్ణీత సంఖ్య) క్షారం ఒక మోల్ ఎస్టర్‌ను, అంటే దాదాపు 88 గ్రాములను, తినేస్తుందని లెక్క వేసి చూస్తే నష్టంలో చాలా భాగానికి కారణం దొరికింది. దీనికి తోడు, 100 మి.లీ. నీటిలో సుమారు 8 గ్రాముల ఇథైల్ అసిటేట్ కరుగుతుందన్న విషయాన్ని నేను పట్టించుకోలేదు.

ఈసారి బలహీన క్షారమైన సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో త్వరగా కడిగి, చివర సంతృప్త ఉప్పునీరు వాడాను. బైకార్బొనేట్ ఆమ్లంతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి ఫన్నెల్ కుళాయిని మాటిమాటికీ తెరిచి పీడనం వదలవలసి వచ్చింది. పొర దాదాపు పూర్తిగా దక్కింది.

చేతి తొడుగుల విషయంలోనూ నాదే పొరపాటు. పలుచని నైట్రైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగులను ఈ ద్రావణి త్వరగా దాటేస్తుంది, బ్యూటైల్ రబ్బరు మేలు. ఇథైల్ అసిటేట్ ఫ్లాష్ పాయింట్ (నిప్పు తగిలితే ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత) సుమారు −4 డిగ్రీల సెల్సియస్, పైగా ఆవిరి గాలికంటే మూడు రెట్లు బరువై బల్లమీదుగా దూరం పాకగలదు కనుక, పక్కనే ఉంచిన హాట్‌ప్లేట్‌ను అక్కడి నుంచి తీసివేశాను.