చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు మెలితిరిగింది? వెళ్లివచ్చినవారు చెప్పగలరు

షెఫీల్డ్ వాసి:
వచ్చే నెల అమ్మానాన్నలను ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్ పట్టణంలో ఉన్న సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చికి తీసుకువెళ్లాలనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పులున్న అమ్మ టవర్ ఎక్కగలదా? లోపల తప్పక చూడవలసినవి ఏవి? శిఖరం మెలితిరగడానికి కారణం కూడా చెప్పగలరు.

రైలు ప్రయాణికుడు:
స్టేషన్ రాకముందే కిటికీలోంచి కనబడుతుందండీ. నేల నుంచి 228 అడుగుల ఎత్తున్న ఆ కొస, ఉండవలసిన చోటు నుంచి 9 అడుగుల 6 అంగుళాలు పక్కకు ఒరిగింది. నేను చర్చి చుట్టూ తిరిగి ఫోటోలు తీస్తే ఒక్కోదానిలో ఒక్కోలా వంగి కనిపించింది. కారణం అందరికీ తెలిసిందే. 1348-49 ప్లేగులో పనిమంతులు పోయారు, మిగిలిన చేతగానివారు 1362 ప్రాంతంలో పచ్చి కలపతో కట్టేశారు.

వడ్రంగి మనుమడు:
‘చేతగానివారు’ అన్న మాట దయచేసి వెనక్కి తీసుకోండి. నేను పదకొండేళ్లుగా ఇక్కడి పాత ఇళ్ల కలప మరమ్మతులు చేస్తున్నాను. ఎండిన ఓక్ కలప ఉలికి లొంగదు కాబట్టి ఆ కాలంలో దాన్ని పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవారు, తరువాత అది ఆరే కొద్దీ కొయ్యమేకుల అతుకులు బిగుసుకునేవి. తలుపు చట్రానికి పచ్చికర్ర తెస్తే మా తాతగారు ఊరుకునేవారు కాదు, కానీ టేకు తలుపు లెక్క ఓక్ దూలాలకు కుదరదు.

రైలు ప్రయాణికుడు:
విన్నదే రాశాను, అంత కోపం ఎందుకు? అందరూ పచ్చి ఓక్‌తోనే కట్టి ఉంటే ఇదొక్కటే 45 డిగ్రీలు ఎందుకు తిరిగిందో చెప్పండి.

వడ్రంగి మనుమడు:
లోపల ఏటవాలుగా బిగించవలసిన కర్రలు చాలలేదు. దానిపై సుమారు 33 టన్నుల సీసపు రేకులు మోపారు. బరువు మోపినవారిని వదిలి చెక్కినవారిని నిందించడం న్యాయం కాదు.

లోహాల విద్యార్థి:
బరువు ఒక్కటే కాదు, ఎండ కూడా ఉంది. సీసం వేడికి ఇనుము కంటే రెండింతలకు పైగా సాగుతుంది. దక్షిణం వైపు రేకులు ఎండకు సాగుతుంటే ఉత్తరం వైపువి చల్లగా ఉంటాయి. పైగా రేకులను చేపముల్లులా ఏటవాలుగా పరిచినందువల్ల కంటికి మెలి ఇంకా ఎక్కువగా తోస్తుంది.

ఆర్గాన్ నేర్చినామె:
అందరూ శిఖరం దగ్గరే ఆగిపోయారు. 1961 డిసెంబరు 22న అగ్నిప్రమాదంలో ఉత్తర బాహువు (చర్చిలో ఉత్తరం పక్కకు చాచినట్టు ఉండే భాగం) లోపలంతా కాలిపోయి, జాన్ స్నెట్జ్లర్ చేసిన 1756 నాటి ఆర్గాన్ (గొట్టాలతో మోగే పెద్ద వాద్యం) బూడిదైంది. ఆ చోట నిలబడినప్పుడు నాకు గొంతు పట్టేసింది. అమ్మానాన్నలకు ముందుగా ఆ చోటు చూపించండి.

షెఫీల్డ్ వాసి:
ధన్యవాదాలు. అమ్మ మోకాళ్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వడ్రంగి మనుమడు:
రాతిమెట్లు ఇరుకుగా సుడి తిరుగుతూ ఉంటాయి, అమ్మగారిని కింద కూర్చోబెట్టి నాన్నగారితో మీరు ఎక్కండి. పైన దూలాలు కనబడితే అతుకులను దగ్గరగా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, వాటిని చెక్కినవారు చేతగానివారో కాదో రైలు ప్రయాణికుడుగారే చూస్తారు.